మాంత్రికుడి మాటకు జవాబు లేదు

1982లో విడుదలైన ‘కోనన్ ది బార్బేరియన్’ పేరు వినగానే చాలామంది మనసులో మెదిలేది కండలు తిరిగిన ఒక మనిషీ, అతని చేతిలో బారెడు కత్తీ. పోస్టరు మీద ముద్రించిందీ అదే గనుక ఆ అభిప్రాయానికి ఎవరినీ తప్పుపట్టలేము. అయితే ఈ సినిమాను ఓపికగా చూసినవారికి, కథ అంతా కత్తి పట్టినవాడి చుట్టూ కన్నా అతనికి ఎదురుగా నిలిచిన మాంత్రికుడి చుట్టూ తిరుగుతోందని తెలుస్తుంది. ఆ మాంత్రికుడు నాయకుడితో ఒక వాదన పెట్టుకుంటాడు. యుద్ధంలో ఓడిపోతాడు, తల పోగొట్టుకుంటాడు, కానీ వాదనలో మాత్రం ఓడిపోడు. ఈ సినిమాలో నెత్తురు ఎంత పారినా, దాని అసలైన చీకటి ఈ ఓడిపోని వాదనలోనే ఉందని నా నమ్మకం. కథను చివరిదాకా చెప్పకుండా ఈ విషయం మాట్లాడడం కుదరదు కాబట్టి, చూడాలన్న ఆసక్తి ఉన్నవారు ముందు సినిమా చూసి ఆ తరువాత చదవడం మంచిది.

ఈ తరహా కథలకు ‘స్వోర్డ్ అండ్ సోర్సరీ’ (కత్తీ మంత్రవిద్యా) అన్న పేరు 1961లో రచయిత ఫ్రిట్జ్ లైబర్ పెట్టినది. పేరు ఆలస్యంగా వచ్చిందే తప్ప కథలు అంతకు దాదాపు మూడు దశాబ్దాల ముందే ఉన్నాయి. టెక్సస్‌లోని క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో ఉంటూ రాబర్ట్ ఇ. హోవార్డ్ రాసిన మొదటి కోనన్ కథ 1932 డిసెంబరులో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో అచ్చయింది. 1936లో, 30 ఏళ్ళ వయసులో, హోవార్డ్ ఆత్మహత్య చేసుకునే నాటికి ఆ ఒక్క పాత్రతోనే ఒక లోకం తయారై ఉంది. ఈ కథల్లో ప్రపంచాన్ని కాపాడే బాధ్యత ఎవరి నెత్తినా ఉండదు. నాయకుడు తన పొట్ట కోసమో, బంగారం కోసమో, పగ తీర్చుకోవడానికో కత్తి పడతాడు. మంత్రవిద్య మంచివాళ్ళ చేతిలో వరంలా వెలగదు. అది పాతది, కుళ్ళినది, ముట్టుకున్నవాడి దగ్గర ఏదో ఒకటి వసూలు చేసుకునేది. మనం చిన్నప్పటి నుంచి విన్న కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. చిలక దొరికితే మాంత్రికుడి పని అయిపోయినట్టే. ఈ సినిమాలో అలాంటి సులభమైన మార్గం ఎవరికీ దొరకదు.

దర్శకుడు జాన్ మిలియస్ చేతికి రాకముందు ఈ కథకు ఆలివర్ స్టోన్ రాసిన స్క్రీన్‌ప్లే ఒకటి ఉండేది. అది సర్వనాశనమైన భవిష్యత్తులో, వికృత జీవుల సైన్యాల మధ్య జరిగే కథ. దాన్ని తెరకెక్కించాలంటే ఎంత డబ్బూ సరిపోయేది కాదు. మిలియస్ దాన్ని తిరగరాసి, కథను తిరిగి పురాతన కాలానికి తీసుకువచ్చి, 1981లో స్పెయిన్‌లో చిత్రీకరించాడు. అంతకు ముందు ‘ఏలియన్’ సినిమాలోని అంతరిక్ష నౌకకు రూపకల్పన చేసినవారిలో ఒకడైన రాన్ కాబ్ ఇక్కడ కళా దర్శకత్వ బాధ్యత తీసుకున్నాడు. ఆయన పనితనం గురించి ఒక్క మాట చెప్పాలి. ఈ సినిమాలో ఏ వస్తువూ సినిమా కోసం నిన్న చేయించినట్టు ఉండదు. తోలు చెమట పట్టి నల్లబడి ఉంటుంది, గోడలకు మసి పట్టి ఉంటుంది, కత్తులకు నిజంగానే బరువు ఉన్నట్టు వాటిని ఎత్తే భుజాలు చెబుతాయి. మాయలు నమ్మించాలంటే ముందు మట్టిని నమ్మించాలన్న సంగతి ఆయనకు బాగా తెలుసు.

సినిమా కొలిమి దగ్గర మొదలవుతుంది. తండ్రి ఇనుమును కరిగించి పోస్తాడు, సమ్మెటతో సాగగొడతాడు, ఎర్రగా కాలిన కత్తిని మంచులో గుచ్చి చల్లారుస్తాడు. తరువాత కొండ మీద కొడుకును కూర్చోబెట్టుకుని, ఈ లోకంలో మగవాళ్ళనూ ఆడవాళ్ళనూ జంతువులనూ ఎవరినీ నమ్మవద్దనీ, నమ్మదగినది ఇదొక్కటేననీ ఉక్కును చూపిస్తాడు. ఉక్కులో ఒక మర్మం ఉందనీ, దాన్ని కనుక్కోవడం కొడుకు పననీ చెబుతాడు. సినిమా వాదనలో మొదటి పక్షం ఇది. ఆ పక్షం వహించిన తండ్రి కొద్ది నిమిషాలకే, గూడెం మీద పడ్డ దోపిడీ దండు కుక్కల నోట పడి చచ్చిపోతాడు. అతను నమ్మిన ఉక్కు శత్రువుల చేతికి పోతుంది.

ఆ దండుకు నాయకుడు తుల్సా డూమ్. జేమ్స్ ఎర్ల్ జోన్స్ ఈ పాత్రలో మొదటిసారి కనిపించే దృశ్యంలో ఒక్క మాట కూడా మాట్లాడడు. ‘స్టార్ వార్స్’లో డార్త్ వేడర్‌కు గొంతిచ్చి లోకమంతటికీ వినిపించిన నటుణ్ణి తీసుకుని, మొదటి సన్నివేశంలో మౌనంగా నిలబెట్టడానికి దర్శకుడికి గుండె ధైర్యం కావాలి. తల్లి ఒక చేత్తో కత్తి ఎత్తి, ఇంకో చేత్తో పిల్లవాడి చేయి పట్టుకుని మంచులో నిలబడి ఉంటుంది. డూమ్ శిరస్త్రాణం తీసి ఆమె కళ్ళలోకి చూస్తాడు. ఆ చూపులో కోపం లేదు, క్రూరత్వం కూడా లేదు. ఏదో ప్రేమగా, జాలిగా ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. ఆమె కత్తి మెల్లగా కిందికి వాలుతుంది. అతను వెనుదిరిగి వెళ్ళిపోతున్నట్టే తిరిగి, ఆ తిరుగుడులోనే కత్తి విసురుతాడు. దెబ్బ తగలడం మనకు చూపించరు. పిల్లవాడి చేతిలో నుంచి తల్లి చేయి జారిపోవడం, అతను తన ఖాళీ అరచేతిని చూసుకోవడం చూపిస్తారు. సినిమా మొత్తం మీద మంత్రం అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన చోటు లేదు. ఎదుటివాడు తన కత్తిని తానే దించుకునేలా చేయడమే డూమ్ మంత్రం.

తరువాత వచ్చే చక్రం దృశ్యం గురించి చాలామంది రాశారు. చెరపట్టిన పిల్లలను బయలు నేల మధ్యలో ఉన్న పెద్ద చక్రానికి గొలుసులతో కట్టేస్తారు. గానుగెద్దులా వాళ్ళు దాన్ని తిప్పుతూ ఉంటారు. ఋతువులు మారతాయి, పక్కన ఉన్న పిల్లలు ఒక్కొక్కరుగా కనిపించకుండా పోతారు, కాళ్ళు లావెక్కుతాయి. చివరికి ఒక్కడే మిగిలి, వంచిన తల పైకెత్తితే అది ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ముఖం. సినిమా కోసం సన్నద్ధమవుతున్న కాలంలోనే, 1980లో, అతను మిస్టర్ ఒలింపియా దేహదారుఢ్య పోటీ మరోసారి గెలిచాడు. ఆ శరీరాన్ని చూపించడానికి ఏ దర్శకుడైనా వంద దారులు వెతుక్కునేవాడు. మిలియస్ మాత్రం ఆ కండలు ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు ముందే జవాబు చెప్పేశాడు. అవి బానిసత్వం పెట్టిన కండలు. కోనన్ బలం అతను సంపాదించుకున్నది కాదు, అతని మీద రుద్దినది.

హోవార్డ్ అభిమానులకు ఈ భాగం మీద పెద్ద ఫిర్యాదు ఉంది. మూల కథల్లో కోనన్ యుద్ధభూమిలో పుట్టినవాడు. చిన్ననాడు బానిసగా బతికినవాడూ కాదు, తల్లిదండ్రుల పగ మోస్తూ తిరిగినవాడూ కాదు. తుల్సా డూమ్ అయితే అసలు కోనన్ శత్రువే కాదు, హోవార్డ్ సృష్టించిన మరో వీరుడైన కల్ రాజుకు శత్రువు. ఈ ఫిర్యాదులో నిజం ఉంది. అయినా ఈ విషయంలో నేను మిలియస్ పక్షమే వహిస్తాను. మూల కథల్లోని కోనన్ స్వేచ్ఛగా పుట్టి స్వేచ్ఛగా తిరిగే మనిషి, అతనితో ఎవరూ వాదన పెట్టుకోలేరు. సినిమాలోని కోనన్‌ను ఎవరో తయారు చేశారు కాబట్టే, ఆ తయారు చేసినవాడు వచ్చి లెక్క అడిగితే ఏం చెప్పాలన్న ప్రశ్న పుడుతుంది.

అందుకే అతని మొదటి మాట నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. పెద్దవాడైన కోనన్ చాలాసేపటి వరకు నోరు విప్పడు. గోతిలో బానిసలతో పోరాడుతుంటే జనం కేరింతలు కొడతారు, తూర్పు దేశానికి తీసుకుపోయి కత్తిసాము నేర్పిస్తారు, చదువు చెప్పిస్తారు. ఒక గుడారంలో సేనాధిపతి, జీవితంలో అన్నింటికన్నా గొప్పదేమిటని శిష్యులను అడుగుతాడు. ఒకడు గుర్రాల గురించీ గాలి గురించీ ఏదో చెప్పి తిట్లు తింటాడు. అప్పుడు కోనన్ శత్రువులను నలిపివేయడం గురించి చెబుతాడు, సేనాధిపతి మెచ్చుకుంటాడు. చెంగిజ్ ఖాన్ పేరు మీద ప్రచారంలో ఉన్న ఒక మాటకు దగ్గరగా ఉన్న ఈ జవాబును ఇప్పుడు జనం వీరత్వానికి గుర్తుగా చొక్కాల మీద కూడా అచ్చు వేయించుకుంటున్నారు. నిజానికి అది యజమాని ముందు అప్పజెప్పిన పాఠం. నోరు తెరిచిన మొదటిసారి కూడా అతని నోటి నుంచి వచ్చింది ఇతరుల మాటే.

మాటలు ఇంత తక్కువగా ఉన్న సినిమాను నడిపించేది బేసిల్ పోలెడూరిస్ సంగీతం. ఆయనా మిలియస్ కూడా సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివిన రోజుల నుంచే స్నేహితులు. దాదాపు ప్రతి దృశ్యం కిందా వాద్యబృందం ఉంటుంది. కొలిమి దగ్గర డోళ్ళూ ఇత్తడి బాకాలూ మోగుతాయి, గూడెం మీద దండు పడేటప్పుడు లాటిన్ బృందగానం లేస్తుంది. అదే దండయాత్రలో తల్లి డూమ్ ఎదుట నిలబడేసరికి ఆ హోరంతా తగ్గి, దాదాపు జోలపాటలా మారిపోతుంది. ఆ మార్పు మొదటిసారి చూసినప్పుడు ఎవరూ గమనించరు, కానీ వెన్నులో చలి మాత్రం పుడుతుంది. ఇంతటి సంగీతాన్ని అప్పట్లో ఖర్చు తగ్గించడానికి స్టీరియో లేకుండా మోనోలోనే విడుదల చేశారంటే, నిర్మాతల పొదుపు మీద విసుగు పుట్టక మానదు.

మధ్య భాగం నాకు అంతగా నచ్చదు. దొంగతనాలూ, సర్పదేవత గోపురంలో పెద్ద పాముతో పోరాటమూ సాహసకథకు కావలసినవే, వాటిని బాగానే తీశారు. తాగిన మత్తులో ఒంటెను గుద్దే దృశ్యం మాత్రం వేరే సినిమా నుంచి తప్పిపోయి వచ్చినట్టు ఉంటుంది. ఆడవాళ్ళను చూపించిన తీరులో ఆనాటి మోటుదనం చాలా ఉంది. గుడిసెలోని మంత్రగత్తె దృశ్యం ఇందుకు మంచి ఉదాహరణ. ఈ మోటుదనం నుంచి సినిమాను కొంతవరకు కాపాడింది కోనన్ ప్రేయసి వలేరియా పాత్ర వేసిన శాండల్ బెర్గ్‌మన్. ఆమె వృత్తిరీత్యా నర్తకి కావడం వల్ల కత్తి పోరాటాల్లో ష్వార్జ్‌నెగర్ కన్నా ఆమే చురుగ్గా కదులుతుంది. ఆ పాత్రకు ఆమెకు గోల్డెన్ గ్లోబ్ కొత్త తార పురస్కారం కూడా వచ్చింది. స్నేహితుడు సుబోతాయిగా నటించిన జెర్రీ లోపెజ్ అసలు నటుడు కాదు, పేరున్న సర్ఫింగ్ క్రీడాకారుడు. ముగ్గురిలో ఒక్కరు కూడా సంభాషణలకు పేరుపడ్డ నటులు కాకపోవడం ఒక రకంగా మేలే చేసింది, ఎందుకంటే ఎదుట మాట్లాడగలిగినవాడు ఒక్క డూమ్ మాత్రమే అన్న భావన బలపడింది.

అసలు వాదన కొండ మీద జరుగుతుంది. ఇప్పుడు సర్పాన్ని కొలిచే మతానికి గురువైన డూమ్ ఆశ్రమంలోకి మారువేషంలో వెళ్ళి పట్టుబడిన కోనన్‌ను చావగొట్టి అతని ముందు పడేస్తారు. నువ్వు నా తల్లిని చంపావు, తండ్రిని చంపావు, నా జనాన్ని చంపావు అని కోనన్ అంటే, డూమ్‌కు ఆ సంగతి సరిగా గుర్తుకూడా రాదు. అది తన చిన్నతనంలో, ఉక్కు కోసం వెతికే రోజుల్లో జరిగి ఉంటుందని అంటాడు. కోనన్ జీవితమంతా మోసిన గాయం ఇతనికి ఒక పాత అలవాటు తాలూకు గుర్తు మాత్రమే. తరువాత, ఉక్కు కన్నా గట్టిది మనిషి మాంసమని చెప్పి, ఎత్తైన బండ అంచున నిలబడి ఉన్న ఒక అమ్మాయిని తన దగ్గరకు రమ్మని పిలుస్తాడు. గొంతు పెంచడు, మంత్రం చదవడు. ఆమె నవ్వు ముఖంతో ఒక అడుగు ముందుకు వేసి కింద పడి చచ్చిపోతుంది. కత్తికి బలం అది పట్టిన చేతిలో ఉంటుందనీ, ఆ చేతిని శాసించగలిగినవాడిదే అసలు శక్తి అనీ డూమ్ చెప్పదలుచుకున్నది ఇంతే.

తెల్లని వస్త్రాలు, పూలు, ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన యువతీయువకులు. ఇదంతా ఆనాటి అమెరికా ప్రేక్షకులకు పురాతన కాలపు ఊహలా అనిపించి ఉండదు. 1978 నవంబరులో గయానాలోని జోన్స్‌టౌన్‌లో ఒక మతగురువు మాట మీద 900 మందికి పైగా ప్రాణాలు పోయాయి. సినిమా తీసేనాటికి ఆ సంఘటన జరిగి మూడేళ్ళు కూడా కాలేదు. కూతురు ఇలాంటి గురువు వెంట వెళ్ళిపోతే సింహాసనం మీద కూర్చుని కుమిలిపోయే రాజుగా మాక్స్ ఫాన్ సీడో కనిపించేది ఒకే ఒక్క సన్నివేశంలో. నగలు మెరవడం మానేసిన రోజున చివరికి మిగిలేది బిడ్డ మీద ప్రేమ ఒక్కటేనని అతను చెప్పే మాటల్లో రాజసం కన్నా అలసట ఎక్కువ. ఈ పాములరాజు వేషం తీసేస్తే డూమ్ ఏ కాలంలోనైనా, ఏ వేదిక మీదైనా నిలబడగల మనిషి.

శిలువ వేసినట్టు చెట్టుకు మేకులతో కొట్టిన కోనన్, తన మీద వాలిన రాబందును పంటితో కొరికి చంపే దృశ్యం హోవార్డ్ కథ నుంచే వచ్చింది. అతన్ని బతికించే తంతు మాత్రం సినిమా సొంతం. మాకో నటించిన ముసలి మాంత్రికుడు అతని ఒళ్ళంతా అక్షరాలు రాసి, తాళ్ళతో కట్టి పడుకోబెడతాడు. ఒంటి మీద అక్షరాలు రాసి ప్రేతాలను ఆపే ఈ పద్ధతికి మూలం జపాను దర్శకుడు కోబయాషి 1964లో తీసిన ‘క్వైడాన్’ అని, ఆ సినిమా చూసినవారు వెంటనే గుర్తుపడతారు. రాత్రి గాలిలో నుంచి నీడలు వచ్చి కోనన్‌ను ఈడ్చుకుపోబోతే వలేరియా వాటితో పెనుగులాడుతుంది. దీనికి దేవతలు పెద్ద మూల్యమే అడుగుతారని మాంత్రికుడు ముందే చెబుతాడు, తాను చెల్లిస్తానని ఆమె అంటుంది. అన్నట్టే చెల్లిస్తుంది. డూమ్ ఒక పామును చేతిలోకి తీసుకుని, అది బిగుసుకుని బాణమయ్యేదాకా నిమిరి, వింట పెట్టి ఆమె మీదికి వదులుతాడు. ఈ సినిమాలో మంచివాడి మంత్రానికి కూడా ఖరీదు ఉంది, దాన్ని కట్టేది మంత్రం వేసినవాడు కాదు.

చివరి పోరుకు ముందు కోనన్ తన దేవుడు క్రోమ్‌కు మొక్కుకుంటాడు. అది మొక్కు కన్నా బేరంలా ఉంటుంది: ఇంతవరకు నిన్నేమీ అడగలేదు, పగ తీర్చుకోనివ్వు, వినకపోతే నీ దారి నీది. క్రోమ్ నుంచి ఏ సమాధానమూ రాదు. యుద్ధంలో కోనన్ కత్తి దెబ్బకు శత్రువు చేతిలో ఉన్న తండ్రి కత్తి రెండు ముక్కలవుతుంది. నమ్మదగినది ఇదొక్కటేనని తండ్రి చూపించిన ఉక్కు కొడుకు చేతిలోనే విరిగిపోయిందన్న మాట. తండ్రి పక్షం అక్కడితో ముగిసింది.

డూమ్ పక్షం ముగియదు. ఆలయం మెట్ల మీద రాత్రిపూట, కాగడాలు పట్టుకున్న వేలాది భక్తుల ఎదుట కోనన్ వెనుక నుంచి వస్తాడు. డూమ్ భయపడడు, పారిపోడు. కొడుకా అని పిలుస్తాడు. నీకు బతకాలన్న పట్టుదల ఇచ్చింది ఎవరు, నీ తండ్రి నేను కాక ఇంకెవరు అని అడుగుతాడు. నువ్వు ఊరి వచ్చిన ఊట నేనే, నేను పోతే నువ్వు అసలు లేనట్టే అంటాడు. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. చక్రం, గొలుసు, గోతిలో పోరాటాలు, కత్తిసాము, పగ, అన్నీ ఆ మంచులో ఆ రోజు జరిగిన దాని నుంచి వచ్చినవే. కోనన్ కళ్ళు ఒక్క క్షణం తల్లి కళ్ళలాగే మెత్తబడతాయి, కత్తి పట్టిన చేయి సడలుతుంది. తరువాత అతను తండ్రిదైన ఆ విరిగిన కత్తితోనే నరుకుతాడు, ఒక్క వేటుకు తెగక మళ్ళీ మళ్ళీ నరుకుతాడు. డూమ్‌కు అతను ఒక్క మాట కూడా తిరిగి చెప్పడు. చెప్పడానికి ఏమీ లేదు. భక్తులు ఒక్కొక్కరే వచ్చి కాగడాలను నీళ్ళలో ముంచి ఆర్పేసి వెళ్ళిపోతారు. కోనన్ చాలాసేపు అక్కడే మెట్ల మీద కూర్చుని, ఆ తరువాత ఆలయానికి నిప్పు పెడతాడు. పగ తీరినవాడి ముఖంలో కనిపించవలసినది ఆ ముఖంలో ఏదీ లేదు.

1984లో వచ్చిన ‘కోనన్ ది డిస్ట్రాయర్’ను పిల్లలు కూడా చూడాలన్న ఉద్దేశంతో తేలిక చేశారు. అందులో అద్దాల గది ఉంది, రాక్షసుడు ఉన్నాడు, హాస్యం కోసం ఒక దొంగ ఉన్నాడు. కోనన్‌తో మాట్లాడదగిన శత్రువు మాత్రం లేడు. జేసన్ మోమోవాతో 2011లో తీసిన కొత్త సినిమాలో పగ మళ్ళీ ఉంది, తండ్రి చావు మళ్ళీ ఉంది, నెత్తురు మొదటిదానికన్నా ఎక్కువే ఉంది. శత్రువు మాత్రం చంపడానికి పెట్టుకున్న గురి తప్ప ఇంకేమీ కాడు. ఇక మొదటి సినిమా చివర్లో ముసలి రాజుగా సింహాసనం మీద కూర్చున్న కోనన్‌ను చూపించి, అది వేరే కథ అని కథకుడు చెబుతాడు. ఆ కథను కూడా ష్వార్జ్‌నెగర్‌తోనే తీస్తారన్న మాట ఏళ్ళ తరబడి వినిపించింది, సినిమా మాత్రం రాలేదు. తల తెగిపోయిన డూమ్‌ను మళ్ళీ తీసుకురాలేరు కాబట్టి, ఆ సినిమా రాకపోయినా నాకు పెద్దగా బెంగ లేదు.